వింత మ్యాజిక్ ఉన్న ఫాంటసీ నవలల్లో ముందు ఏది చదవాలి: ఏడు పుస్తకాలు, వాటి మీద పాఠకుల గొడవలు

ఫాంటసీ నవల ఒకటి మొదలుపెడదామని రివ్యూలు తెరిస్తే ఉన్న ఉత్సాహం కాస్తా అయోమయంగా మారిపోతుంది. ఐదు స్టార్లు ఇచ్చినాయన "మ్యాజిక్ ఎలా పనిచేస్తుందో ఎంత వివరంగా రాశారో" అంటాడు. ఒక్క స్టార్ ఇచ్చినావిడ కూడా అదే మాట అంటుంది, కాకపోతే విసుగ్గా. ఇద్దరూ చదివింది ఒకే పుస్తకం, ఇద్దరూ చెప్పేది నిజమే. మ్యాజిక్ కొత్తగా, విచిత్రంగా ఉన్న నవలలకు ఈ గొడవ మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ కొత్తదాన్ని అర్థమయ్యేలా చెప్పాలంటే రచయిత ఎక్కడో ఒకచోట కథను ఆపాలి, లేదంటే అర్థం కాకుండానే వదిలేసి ముందుకెళ్లాలి. ఏది చేసినా కొంతమందికి నచ్చదు.

అందుకే సగటు రేటింగ్ పట్టుకుని ఈ రకం పుస్తకాలు ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను. ముందు తిట్టినవాళ్ల రివ్యూలు చదవండి. వాళ్లు దేన్ని తిడుతున్నారో చూసి, అది మీకూ అంత ఇబ్బందేనా అని అడగండి. మెచ్చుకోళ్లు అన్ని పుస్తకాలకూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, ఫిర్యాదులే పుస్తకానికో రకంగా ఉంటాయి. కింద ఏడు నవలల్నీ ఆ దారిలోనే చూశాను. మలుపులేవీ బయటపెట్టలేదు, మొదటి అధ్యాయాల్లో ఉన్న విషయాలు మాత్రం చెప్పాల్సి వచ్చింది.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, రూల్స్ ఎప్పుడు చెబుతారు అన్నది. ఫాంటసీ పాఠకులు దీన్నే హార్డ్ మ్యాజిక్, సాఫ్ట్ మ్యాజిక్ అంటారు. హార్డ్ అంటే ఏది కుదురుతుంది, ఏది కుదరదు అన్నది పాఠకుడికి ముందే తెలుస్తుంది. సాఫ్ట్ అంటే తెలియదు, తెలియకపోవడంలోనే ఆ అందం ఉంటుంది. ఫాంటసీ నవలలు రాసే బ్రాండన్ శాండర్సన్ 2007లో రాసిన ఒక వ్యాసంలో దీని గురించి ఒక సూత్రం పెట్టాడు: మ్యాజిక్‌తో కథలో చిక్కుముడి విప్పితే పాఠకుడు ఎంత తృప్తి పడతాడన్నది, ఆ మ్యాజిక్ అతనికి ఎంత అర్థమైందన్న దాన్ని బట్టి ఉంటుందని. ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు, కానీ మీరు ఏ వైపో తెలుసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. చివర్లో హీరో గెలిచినప్పుడు "అది అతనికెలా కుదిరింది?" అని మీకు అనిపిస్తే మీరు హార్డ్ వైపు. "ఎలా అయితే ఏంటి, ఒళ్లు జలదరించింది" అనుకుంటే సాఫ్ట్ వైపు.

రెండోది, మ్యాజిక్ వాడితే ఏం పోతుంది. ఏమీ పోకపోతే టెన్షన్ ఉండదు. పోయేది ఒంట్లోని శక్తి కావచ్చు, డబ్బు కావచ్చు, పక్కనున్నవాళ్ల ప్రాణం కావచ్చు.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఆ మ్యాజిక్‌కీ, కథ చెప్పదలుచుకున్న విషయానికీ ఎంత ముడి ఉంది? దాన్ని తీసేసి ఇంకో మ్యాజిక్ పెట్టినా కథ అలాగే నడిచిపోతే, అది అలంకారం. తీసేస్తే కథే లేకపోతే, ఆ రచయిత నిజంగా ఆలోచించి రాసినట్టు.

నాలుగోది, కథ పూర్తవుతుందా లేదా. ఇది చిన్న విషయంలా కనబడుతుంది కానీ, మొదటి భాగం నచ్చి తర్వాతిది రాక ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న పాఠకులను అడిగితే తెలుస్తుంది ఎంత పెద్దదో.

| పుస్తకం | మ్యాజిక్ దేనితో | రూల్స్ | ఎక్కువగా వినిపించే ఫిర్యాదు | కథ పూర్తవుతుందా |
|---|---|---|---|---|
| మిస్ట్‌బార్న్: ద ఫైనల్ ఎంపైర్ (2006) | మింగిన లోహాలు | ముందే, విడమరిచి | పాఠం చెప్పినట్టుంది, భాష సాదా | మొదటి భాగానికి ముగింపు ఉంది, మూడు భాగాలూ వచ్చాయి |
| వార్‌బ్రేకర్ (2009) | ఊపిరి, రంగు, ఆజ్ఞ | ముందే కొంత, మిగతాది తర్వాత | మధ్యలో నత్తనడక | ఒకే పుస్తకం |
| ద ఫిఫ్త్ సీజన్ (2015) | భూమి, వేడి | అడగకుండా చెప్పరు | మొదట్లో ఏమీ అర్థం కాదు, మరీ చీకటి కథ | మూడు భాగాలూ చదవాలి, మూడూ వచ్చాయి |
| బేబెల్ (2022) | వెండి, అనువాదం | చక్కగా, ఉదాహరణలతో | ఉపన్యాసం ఎక్కువ | ఒకే పుస్తకం |
| ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ (1968) | వస్తువుల అసలు పేర్లు | కొద్దిగా, సూత్రంలా | పాత్రలు దూరంగా ఉంటాయి | విడిగా చదవొచ్చు |
| ద నేమ్ ఆఫ్ ద విండ్ (2007) | ఒకటి లెక్కతో, ఒకటి పేరుతో | ఒకటి పూర్తిగా, ఒకటి అసలు లేదు | హీరోకి రానిదంటూ లేదు | లేదు |
| ఫౌండ్రీసైడ్ (2018) | వస్తువుల మీద రాసే గుర్తులు | వివరంగా, పదే పదే | మాటలు మరీ ఈ కాలంవి | మూడు భాగాలూ వచ్చాయి |

మిస్ట్‌బార్న్: రూల్స్ ఇష్టపడేవాళ్లకు మొదటి మెట్టు

శాండర్సన్ ఇక్కడ చేసింది చాలా సూటైన పని. లోహపు రజను మింగి, దాన్ని కడుపులో 'కాల్చి' శక్తి పొందేవాళ్లుంటారు. తగరం కాలిస్తే చూపు, వినికిడి పదునెక్కుతాయి. ప్యూటర్ (తగరం ఎక్కువగా ఉండే మిశ్రమలోహం) కాలిస్తే ఒంటికి బలం. ఇత్తడి ఎదుటివాడి ఆవేశాన్ని చల్లారుస్తుంది, జింకు రెచ్చగొడుతుంది. రాగి మ్యాజిక్ వాడుతున్న ఆనవాలును దాచిపెడుతుంది, కంచు ఆ ఆనవాలును పసిగడుతుంది. ఉక్కు లోహాన్ని నెడుతుంది, ఇనుము లాగుతుంది. ఈ చివరి రెండింటితోనే పుస్తకంలో మంచి సన్నివేశాలన్నీ పుట్టాయి. ఒక నాణేన్ని నేల మీదకి విసిరి, దాన్ని ఉక్కుతో కిందికి నెడితే, నేల అడ్డుంది కాబట్టి అది ఎక్కడికీ పోలేదు, నెట్టినవాడే గాల్లోకి లేస్తాడు. అదే నాణెం గాల్లో ఉండగా నెడితే అది బుల్లెట్‌లా పోతుంది. ఎదురుగా ఉన్న లోహం మీకన్నా బరువైనదైతే మీరు వెనక్కి వెళతారు, తేలికైనదైతే అది వెళుతుంది. ఈ ఒక్క సూత్రం పట్టుబడ్డాక ప్రతి పోరాటం మీ బుర్రలో కూడా జరుగుతుంది, ఇప్పుడు ఆ తలుపు గడియను లాగితే ఏమవుతుందని మీరే ముందు ఆలోచిస్తారు.

నచ్చనివాళ్ల ఫిర్యాదు కూడా ఇక్కడే పుడుతుంది. విన్ అనే పిల్ల ఈ విద్య నేర్చుకునే అధ్యాయాలు నిజంగానే క్లాసులో కూర్చోబెట్టినట్టుంటాయి. ఏ లోహం ఏం చేస్తుందో ఒకసారి చెప్పి ఊరుకోరు, మళ్లీ మళ్లీ గుర్తుచేస్తారు. వాక్యాలు సాదాసీదాగా ఉంటాయి. విన్ తప్ప ముఖ్యమైన ఆడపాత్రలు పెద్దగా లేరన్న మాట కూడా నిజమే.

కానీ "ఇది ఉత్త వీడియో గేమ్" అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఈ శక్తి దొరల వంశాల్లో పుట్టుకతో వస్తుంది. అణగదొక్కిన జనంలో అది కనబడిందంటే వాళ్ల రక్తంలో దొరల రక్తం కలిసిందన్నమాట. అందుకే ఆ సామ్రాజ్యంలో దొరలు తాము అనుభవించిన పేద ఆడవాళ్లను బతకనివ్వకూడదన్న ఘోరమైన కట్టడి ఉంటుంది. మ్యాజిక్ ఎవరికి ఉందన్నదే ఆ సమాజంలో ఎవరు ఎక్కడుండాలో నిర్ణయిస్తోంది. విన్ కూడా ఎవరూ చెప్పకముందే ఈ శక్తిని వాడుతూ దాన్ని 'అదృష్టం' అనుకుంటూ బతుకుతుంటుంది, ఆ మొదటి అధ్యాయాల్లో ఆ పిల్ల భయం చూస్తే గేమ్ అన్న మాట నోటికి రాదు.

ఇంగ్లీషు నవలలు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లకు ఆ సాదా భాషే వరం. ఆగకుండా చదివించే పుస్తకం ఇది.

ఇదే రచయిత వార్‌బ్రేకర్ గురించి క్లుప్తంగా చెబుతాను. అందులో ప్రతి మనిషీ ఒక 'ఊపిరి'తో పుడతాడు. దాన్ని ఇంకొకరికి ఇచ్చేయొచ్చు, బలవంతంగా లాక్కోవడం కుదరదు. పోగేసుకున్న ఊపిరిని ఒక వస్తువులోకి పంపి, నోటితో ఆజ్ఞ ఇచ్చి, చుట్టుపక్కల నుంచి రంగును పీల్చి ఆ వస్తువును కదిలించొచ్చు. నవల మొదట్లోనే ఒకడు జైలు గదిలో గడ్డితో చిన్న బొమ్మ చేసి తాళాలు తెమ్మని పంపిస్తాడు, అక్కడే మీకు నచ్చిందో లేదో తేలిపోతుంది. పేదవాడు కుటుంబం కోసం ఊపిరి అమ్ముకోవడమన్న ఆలోచన నాకు మిస్ట్‌బార్న్ లోహాలకన్నా లోతుగా అనిపించింది. కానీ మధ్యలో రాజభవనం కబుర్లు చాలాసేపు సాగుతాయి, చివర్లో అన్నీ ఒక్కసారి హడావుడిగా మీద పడతాయి. రచయిత దీన్ని తన వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెట్టాడు, కాబట్టి ఆయన శైలి మీకు పడుతుందో లేదో చూసుకోవడానికి ఇదే తేలిక దారి.

ద ఫిఫ్త్ సీజన్: గొప్పది, అయినా అందరికీ ముందుగా ఇవ్వను

ఎన్.కె. జెమిసిన్ రాసిన ఈ మూడు భాగాలకూ 2016, 2017, 2018లో వరసగా ఉత్తమ నవల హ్యూగో అవార్డు (సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చేది) వచ్చింది. అంతకుముందు వరసగా మూడేళ్లు ఎవరికీ రాలేదు. అయినా మధ్యలో వదిలేశామనేవాళ్లు బోలెడుమంది కనబడతారు. వాళ్లను తప్పు పట్టలేం, ఎందుకంటే మొదటి యాభై పేజీలు పాఠకుడికి ఏ సాయమూ చేయవు. ఒక కథ 'నువ్వు' అని మిమ్మల్నే పిలుస్తూ నడుస్తుంది. కొత్త కొత్త మాటలు అర్థం చెప్పకుండానే వచ్చి పడుతుంటాయి. చివర్లో పదాల పట్టిక ఉంది కానీ చాలామంది అది పుస్తకం ముగిశాకే చూస్తారు. అది ముందే తెరిచి పక్కన పెట్టుకోండి, అందులో కథ చెడిపోయే సంగతులేమీ లేవు.

ఇక్కడి మ్యాజిక్ భూమితో. భూకంపాలు ఆగని ఒక ఖండం, కొన్ని తరాలకోసారి ప్రళయంలాంటి 'ఋతువు' వచ్చి నాగరికతలను తుడిచిపెట్టేస్తుంది. ఆ కంపాలను ఆపగలిగేవాళ్లు, పుట్టించగలిగేవాళ్లు కొందరుంటారు, ఒరోజీన్లు. దానికి శక్తి కావాలి, అది చుట్టూ ఉన్న వేడి నుంచి లాగుతారు. అదుపు తప్పితే చుట్టూ గుండ్రంగా నేల గడ్డకట్టిపోతుంది, ఆ వలయంలో ఉన్న ప్రాణులు చచ్చిపోతాయి. అంటే ఊరిని కాపాడే మనిషే పక్కింటివాళ్లను చంపగలడు. అందుకే జనం వాళ్లను వాడుకుంటారు, వాళ్లంటే భయపడతారు, అసహ్యించుకుంటారు. పసివాళ్లుగా ఉన్నప్పుడే పట్టుకెళ్లి శిక్షణ ఇస్తారు.

ఒక సన్నివేశం చెబుతాను, పుస్తకం మొదట్లోదే. ఒక గార్డియన్, అంటే ఒరోజీన్లను అదుపులో పెట్టే కాపలాదారు, ఒక చిన్న ఒరోజీన్ పిల్లను గుర్రం మీద కూర్చోబెట్టుకుని, ఎంతో ప్రేమగా మాట్లాడుతూ, ఆ పిల్ల చేతి ఎముక విరగ్గొడతాడు. నొప్పిలో కూడా శక్తిని అదుపులో ఉంచుకోగలదా అని పరీక్ష. ఆ పిల్ల తట్టుకుంటుంది. ఆ తర్వాత ఆమెకు అతని మీద ద్వేషం పుట్టకపోవడం, పుట్టనివ్వకుండా అతను మాట్లాడే తీరు, ఇది చదివాక పుస్తకం మూసి కాసేపు కూర్చోవాల్సి వచ్చింది. మ్యాజిక్ రూల్ ఒకటి పాఠకుడికి నేర్పాలంటే ఇలా కూడా నేర్పొచ్చా అనిపించింది. "నొప్పి కలిగినా అదుపు తప్పకూడదు" అనే రూల్ మీకు సమాచారంలా రాదు, ఒక పసిపిల్ల ఒంటి మీదుగా వస్తుంది.

అందుకే నా మూడో కొలత ప్రకారం ఈ ఏడింటిలో ఇదే పైన ఉంటుంది. మ్యాజిక్ తీసేస్తే ఇక్కడ కథ అనేదే మిగలదు.

అయితే రెండు హెచ్చరికలు. పుస్తకం మొదలయ్యేదే ఒక తల్లి తన చిన్న కొడుకు శవం దగ్గర కూర్చుని ఉండగా. పిల్లల మీద హింస మీరు చదవలేని విషయమైతే, దయచేసి ఇది వద్దు, అవార్డుల కోసమని బలవంతంగా చదవాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఇంకోటి, మొదటి భాగం ప్రశ్నలతోనే ముగుస్తుంది. మూడూ చదువుతాననుకుంటేనే మొదలుపెట్టండి.

బేబెల్: గొడవ మ్యాజిక్ గురించి కాదు

ఆర్.ఎఫ్. కువాంగ్ రాసిన ఈ నవలకు హ్యూగో లాంటిదే అయిన నెబ్యులా అవార్డు వచ్చింది, తిట్లూ అదే స్థాయిలో వచ్చాయి. కథ 1830ల ఆక్స్‌ఫర్డ్‌లో నడుస్తుంది. ఒక వెండి కడ్డీకి ఒకవైపు ఒక భాష మాట, రెండోవైపు ఇంకో భాషలో దాని అనువాదం చెక్కుతారు. రెండు భాషలూ బాగా వచ్చినవాడు వాటిని పలికితే, అనువాదంలో జారిపోయిన అర్థమేదో అది నిజంగా జరుగుతుంది. మొదటి అధ్యాయంలో చైనాలోని కాంటన్‌లో కలరాతో చావుబతుకుల మధ్య ఉన్న ఒక కుర్రాణ్ని ఒక ప్రొఫెసర్ ఇలాంటి కడ్డీతోనే బతికిస్తాడు. దాని మీద ఉన్నవి ఫ్రెంచి 'ట్రియాకిల్', ఇంగ్లీషు 'ట్రీకిల్'. ఒకప్పుడు విషానికి విరుగుడన్న అర్థమున్న మాట, మందు చేదు తెలియకుండా వేసే తీపి దగ్గరికి జారి, చివరికి తీపి పాకంగా మిగిలింది. ఆ జారిపోయిన 'విరుగుడు' వెండిలో నిలిచి పనిచేస్తుంది.

రెండు భాషల మధ్య బతికే ఎవరికైనా ఈ ఆలోచన వదలబుద్ధి కాదు. దాన్ని సామ్రాజ్యానికి ముడిపెట్టడం ఇంకా తెలివైన పని: ఇంగ్లండ్‌కు కొత్త భాషలు కావాలి, అందుకని వలసల నుంచి పిల్లల్ని తెచ్చి చదివిస్తుంది, వాళ్ల భాషతో చేసిన కడ్డీలతో వాళ్ల దేశాలనే లొంగదీస్తుంది. ఆ కుర్రాడు రాబిన్, కలకత్తా నుంచి వచ్చిన రామీ, ఇంకో ఇద్దరు అమ్మాయిలు, ఈ నలుగురి స్నేహం మీద పుస్తకం మొదటి సగం నడుస్తుంది. ఆ సగం నాకు చాలా ఇష్టం.

మరి ఫిర్యాదులు? మ్యాజిక్‌ను తిట్టినవాళ్లు నాకు తక్కువే కనబడ్డారు. ఎక్కువమంది అనేది, రచయిత్రికి పాఠకుడి మీద నమ్మకం లేదని. ఒక సన్నివేశం అవమానాన్ని చక్కగా చూపించాక కూడా, అది అవమానమేనని ఒక పాత్ర నోటితోనో, పేజీ కింద ఫుట్‌నోట్‌లోనో మళ్లీ చెబుతారు. ఈ ఫిర్యాదు న్యాయమైనదే. రెండోది ఇంకొంచెం ఆలోచింపజేసేది: ఇంత శక్తిగల వెండి శతాబ్దాలుగా ఉన్న లోకంలో, చరిత్ర మాత్రం మనకు తెలిసిన చరిత్రలాగే, అవే యుద్ధాలతో, అవే మిల్లులతో ఎందుకు నడిచింది? హార్డ్ మ్యాజిక్ అభిమానులకు ఇది మింగుడుపడదు. నాకైతే రచయిత్రి కావాలనే అలా ఉంచిందనిపిస్తుంది, చరిత్రను మార్చడం కన్నా దాని కింద ఏం నడిచిందో చూపించడమే ఆమె ఉద్దేశం. కానీ ఆ జవాబు అందరికీ చాలదు, చాలనక్కర్లేదు.

నవల పూర్తి పేరులోనే హింస తప్పనిసరి అన్న మాట ఉంది. కాబట్టి కాలేజీ కబుర్ల కథ అనుకుని దిగినవాళ్లు రెండో సగంలో ఖంగు తింటారు.

ఎర్త్‌సీ, నేమ్ ఆఫ్ ద విండ్, ఫౌండ్రీసైడ్

ఉర్సులా లె గ్విన్ ఎర్త్‌సీ నవల రెండొందల పేజీలకు కాస్త అటూఇటూ ఉంటుంది, మిగతా ఆరింటి పక్కన సన్నగా కనబడుతుంది. ప్రతి వస్తువుకీ ఒక అసలు పేరుంటుంది, అది తెలిస్తే దాని మీద అధికారం. గెడ్ అనే కుర్రాడు మాయల బడిలో ఒక గులకరాయిని రత్నంలా మార్చడం నేర్చుకుంటాడు, కానీ అది కంటికి కట్టే భ్రమ మాత్రమే. నిజంగా మార్చాలంటే ఎలా అని గురువును అడిగితే, రాయిని నిజంగా మార్చాలంటే దాని పేరు మార్చాలి, అది చేస్తే లోకమే మారుతుంది, ఒక గులకరాయినైనా సరే దాని వల్ల వచ్చే మంచీచెడూ తెలియకుండా మార్చకూడదు అని ఆయన చెబుతాడు. రూల్స్ అంటే ఇంతే, ఇక మీకు పట్టిక ఇవ్వరు. పేజీన్నరలో ఒక లోకానికి సరిపడా నియమం పెట్టేశారు.

దీన్ని తిట్టేవాళ్లు పెద్దమ్మ పాత కథ చెబుతున్నట్టుందని, మాటలు తక్కువని, గెడ్ మనసులోకి వెళ్లలేకపోయామని అంటారు. 1968 నాటి పుస్తకం, ఆ తీరు కావాలనే ఎంచుకున్నది. ఆడవాళ్లకు చోటు లేదన్న ఫిర్యాదు మాత్రం బరువైనది. ఆడవాళ్ల మ్యాజిక్ నీరసమైనదని ఆ లోకంలో సామెతే ఉంది. లె గ్విన్ 1990లో ఇదే వరసలో తెహాను అనే నవల రాసి తన లోకాన్ని తానే ఈ వైపు నుంచి నిలదీసింది. మొదటిది చదివి చిరాకుపడినవాళ్లు అక్కడిదాకా వెళితే బాగుంటుంది.

పాట్రిక్ రాత్‌ఫస్ నేమ్ ఆఫ్ ద విండ్‌లో రెండు రకాల మ్యాజిక్ పక్కపక్కనే ఉండటమే ప్రత్యేకత. ఒకటి 'సింపతీ': రెండు నాణేలను మనసుతో కలిపి ఒకదాన్ని ఎత్తితే రెండోదీ లేస్తుంది, కానీ చేతికి రెండింటి బరువూ తెలుస్తుంది, పైగా కొంత శక్తి దారిలోనే వృథా అవుతుంది. వస్తువులు ఎంత పోలికగా ఉంటే నష్టం అంత తక్కువ. రెండోది గాలి పేరు తెలుసుకోవడం, దానికి లెక్కలేమీ లేవు. హార్డ్, సాఫ్ట్ రెండూ ఇష్టమైనవాళ్లకు ఇది పండగే, వాక్యాలు కూడా ఈ జాబితాలో చాలావాటికన్నా అందంగా ఉంటాయి. కానీ హీరో క్వోత్‌కు పాట వచ్చు, చదువు వచ్చు, తగాదా వచ్చు, ఆడపాత్రలన్నీ అతని కళ్లతోనే కనబడతాయి. ఆ ఫిర్యాదుల్లో నిజముంది. అన్నిటికన్నా పెద్దది, అతను తన కథ మూడు రోజుల్లో చెబుతానని మాటిస్తాడు, ఒక్కో పుస్తకం ఒక్కో రోజు. రెండో రోజు 2011లో వచ్చింది. మూడో రోజు కోసం పాఠకులు ఇంకా చూస్తూనే ఉన్నారు. ముగింపు లేకపోతే నిద్రపట్టనివాళ్లు దీని జోలికి వెళ్లకండి.

రాబర్ట్ జాక్సన్ బెన్నెట్ ఫౌండ్రీసైడ్‌లో వస్తువుల మీద గుర్తులు చెక్కి వాటిని 'నమ్మిస్తారు'. చదును దారిలో ఉన్న బండి చక్రాన్ని తాను వాలులో ఉన్నానని నమ్మిస్తే అది దానంతటదే దొర్లుతుంది. ఇక మాట్లాడే తాళంచెవి ఒకటుంది, అది ప్రతి తాళంతోనూ వాదం పెట్టుకుని, ఆ తాళానికిచ్చిన ఆజ్ఞలో లొసుగు పట్టుకుని తెరిపిస్తుంది. కోడ్ రాసే అలవాటున్నవాళ్లకు ఈ సన్నివేశాలు పట్టరాని ఆనందం. కోడ్ అంటే విసుగున్నవాళ్లకు ఐదోసారి గుర్తుల వివరణ వచ్చేసరికి ఓపిక నశిస్తుంది. పాత్రలు ఈ రోజుల్లో మనుషుల్లాగే మాట్లాడతాయి, పాతకాలపు లోకంలో అది కొందరికి పంటికింద రాయిలా తగులుతుంది.

రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే

మిస్ట్‌బార్న్, ఫౌండ్రీసైడ్ రెండూ దొంగల ముఠా, రూల్స్, దోపిడీ పథకాల కథలే. పోరాటాలు కావాలంటే మొదటిది, తర్కంతో చిక్కుముళ్లు విప్పడం ఇష్టమైతే రెండోది. పదిహేనేళ్ల పిల్లలకైతే మొదటిదే ఇస్తాను.

ఫిఫ్త్ సీజన్, బేబెల్ మధ్య ఎంచుకోవడమే అసలు కష్టం. రెండూ అధికారం ఎవరి ఒంటి నుంచి, ఎవరి నోటి నుంచి పిండుకుంటారన్నదే చెబుతాయి. బేబెల్ చేయి పట్టుకుని నడిపిస్తుంది, ఒక్కోసారి ఆ పట్టు మరీ గట్టిగా ఉంటుంది. ఫిఫ్త్ సీజన్ చేయి ఇవ్వదు. పుస్తకం మీకు విషయం విడమరచి చెప్పాలనుకుంటే బేబెల్ తీసుకోండి, మీరే తెలుసుకోవాలనుకుంటే రెండోది. చరిత్ర, భాషలు ఇష్టమైనవాళ్లకు బేబెల్ తప్పులన్నీ క్షమించబుద్ధవుతుంది. కథాకథనంలో పట్టు ముఖ్యమనుకునేవాళ్లు జెమిసిన్ దగ్గరే ఆగుతారు. నా ఓటు ఆమెకే.

ఎర్త్‌సీ, నేమ్ ఆఫ్ ద విండ్ రెంటిలోనూ మాయల బడి, పేర్ల మ్యాజిక్, గర్విష్ఠి కుర్రాడు ఉన్నారు. సమయం తక్కువుంటే ఎర్త్‌సీ. పెద్ద పుస్తకంలో మునిగిపోవాలనుంటే, ముగింపు రాకపోయినా పర్వాలేదనుకుంటే రెండోది. రెండూ చదివేట్టయితే ఎర్త్‌సీ ముందు చదవండి. గర్వానికి గెడ్ ఏం చెల్లించుకున్నాడో చూశాక క్వోత్ గొప్పలు చెప్పుకుంటుంటే వాటిని ఎంతవరకు నమ్మాలో మీకే ఒక అంచనా వస్తుంది.

ఎక్కడిదాకా చదివి వదిలేయొచ్చు

అన్ని పుస్తకాలకూ "యాభై పేజీలు చూసి వదిలేయ్" అన్న సూత్రం పనికిరాదు. ఫౌండ్రీసైడ్‌కు తాళంచెవి మాట్లాడే దాకా చూడండి, ఆ సంభాషణ నచ్చకపోతే మిగతాదీ నచ్చదు. మిస్ట్‌బార్న్‌లో విన్ మొదటిసారి నాణెం మీద నుంచి పొగమంచులోకి లేచే రాత్రి దాకా వెళ్లండి. ఎర్త్‌సీ చిన్నదే కాబట్టి పూర్తిగా చదివేయండి. బేబెల్‌లో మొదటి మూడు, నాలుగు ఫుట్‌నోట్లు మిమ్మల్ని విసిగిస్తే అక్కడే ఆపేయొచ్చు, అవి తర్వాత తగ్గవు. ఫిఫ్త్ సీజన్‌కు మాత్రం ఇంకాస్త ఓపిక పట్టండి, వంద పేజీలైనా ఇవ్వండి. అందులో ముగ్గురు ఆడవాళ్ల కథలు విడివిడిగా నడుస్తుంటాయి, మూడూ ఒక్కో రౌండు తిరిగొచ్చాక కూడా వాళ్లకేమవుతుందో తెలుసుకోవాలని లేకపోతే అప్పుడు నిశ్చింతగా పక్కన పెట్టేయండి.